ఏడుపు లేని నివాళి

పారిస్, 1919 ఏప్రిల్ 11, శుక్రవారం రాత్రి. రూ లా బోయెసీ వీధిలో 45వ నంబరు భవనం ముందు బండి దిగి, సాల్ గావో కచేరీ హాల్లోకి నడుస్తున్నారు మీరు. పియానోలు తయారుచేసే గావో సంస్థ వాళ్ళు 1907లో తెరిచిన హాలు ఇది. వెయ్యి మంది దాకా పడతారు. ఫిరంగులు ఆగి ఇవాళ్టికి సరిగ్గా ఐదు నెలలు. ఊళ్ళో శాంతి సభ జరుగుతోంది, గెలిచిన దేశాల పెద్దలంతా ఇక్కడే మకాం. లోపలికి వస్తున్న జనాన్ని చూస్తే మాత్రం ఇది గెలిచిన ఊరనిపించదు. ఆడవాళ్ళలో చాలామంది నల్లబట్టల్లో ఉన్నారు. ముందు వరసలో కూర్చున్న కుర్రవాడి కోటుకు ఒక చెయ్యి ఖాళీ. దాన్ని పైకి మడిచి పిన్నీసు పెట్టారు. నాలుగేళ్ళ యుద్ధంలో ఫ్రాన్స్ పోగొట్టుకున్న సైనికులు సుమారు 14 లక్షల మంది. ఎవరినీ పోగొట్టుకోని మనిషి ఈ హాల్లో దొరకడం కష్టం.

కచేరీ స్వతంత్ర సంగీత సమాజం వాళ్ళది. పాత సంగీత సంఘంతో పేచీ పడి, దాదాపు పదేళ్ళ కిందట మోరిస్ రావెల్, ఆయన మిత్రులు పెట్టుకున్న సంస్థ. ఇవాళ మొదటిసారి వినబోతున్నది రావెల్ పియానో రచన ‘ల తోంబో ద కూపెరాన్’. అంటే పాతకాలపు ఫ్రెంచి సంగీతకారుడు కూపెరాన్ సమాధి. గురువో మిత్రుడో పోతే వాళ్ళ జ్ఞాపకార్థం ఒక రచన కట్టి దానికి సమాధి అని పేరు పెట్టడం 17వ శతాబ్దపు ఫ్రెంచి సంగీతకారుల్లో ఉన్న ఆనవాయితీ. రావెల్ దాన్ని తిరగదోడాడు.

మీ పక్క సీట్లో పెద్దాయన ఒళ్ళో ఆ రచన పుస్తకమే ఉంది. దురాన్ ప్రచురణ సంస్థ నిరుడు అచ్చేసింది. అట్ట మీద బొమ్మ రావెల్ చేత్తో గీసిందే. చితాభస్మం ఉంచే కలశం. లోపల ఆరు భాగాలు, ఒక్కోదాని నెత్తిన ఒక అంకితం. అంకితం అందుకున్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. అందరినీ యుద్ధమే తీసుకుపోయింది. ఒక అంకితంలో రెండు పేర్లున్నాయి కాబట్టి భాగాలు ఆరైనా మనుషులు ఏడుగురు.

మార్గరీత్ లాంగ్ వేదిక మీదికి వచ్చింది. వయసు 44. రావెల్‌దీ అదే వయసు. పారిస్‌లో పేరున్న పియానో విద్వాంసురాలు. యుద్ధం మొదలైన నెలలోనే భర్త పోయాడు, ఆ తర్వాత కొంతకాలం కచేరీలు మానుకుంది. ఈ పుస్తకంలో ఆయన పేరూ ఉంది. ఆఖరి భాగం ఆయనది. అక్కడికి చేరాలంటే ఆమె ముందు ఐదు భాగాలు దాటాలి. ఆ సంగతి హాల్లో సగం మందికి తెలుసు.

ఆమె కూర్చుంది. చప్పట్లు ఆగాయి.

మొదటి ఆవృత్తంలోనే మీ అంచనా తప్పుతుంది. కలశం బొమ్మ చూసి, పేరు చూసి, బరువుగా మంద్రంలో మొదలవుతుందనుకున్నారు. మొదలైంది పరుగు. మూడేసి స్వరాల గుత్తులు, ఆవృత్తానికి నాలుగు, తిశ్ర నడకలో ఒకదాని వెనక ఒకటి. రెండు చేతులూ దగ్గరదగ్గరగా, ఒకదాని మాట ఒకటి అందుకుంటూ పోతున్నాయి. శబ్దం పెద్దది కాదు. మధ్యమధ్య ఒక్కో స్వరం మెడకు చిన్న మెలిక. పెద్దాయన పుస్తకంలో పేజీ అడుగున రావెల్ ఒక సూచన పెట్టాడు. ఈ చిన్న స్వరాలు తాళం దెబ్బకు ముందు కాదు, దెబ్బ మీదే పడాలి.

ఆ సూచన 200 ఏళ్ళ నాటి అలవాటు. కూపెరాన్ కాలపు మెట్ల వాద్యం హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే చిన్న కొక్కెం లాంటి ముక్క తీగను మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే మోత. మీటిన మరుక్షణం నుంచి నాదం తరిగిపోతుంది. ఒక స్వరాన్ని ఎత్తి చూపాలంటే బలం పనికిరాదు, దానికి అలంకారం చెయ్యాలి. అందుకే ఆ పాత సంగీతం నిండా మెలికలు, కంపనాలు. రావెల్ ఆ అలంకారాలను తెచ్చి 20వ శతాబ్దపు పియానో మీద పెట్టాడు. కింద వినిపించే స్వరసమూహాలు మాత్రం కూపెరాన్ ఊహకు అందనివి.

ప్రెల్యూడ్ అనే ఈ మొదటి భాగం లెఫ్టినెంట్ జాక్ షార్లోది. ఈ పుస్తకం అచ్చేసిన దురాన్ సంస్థలోనే పనిచేశాడు. పిల్లల కోసం రావెల్ నాలుగు చేతులకు రాసిన ‘మా మేర్ లొయ్’ను ఒక్కరే వాయించుకునేలా తిరగరాసింది ఇతనే. రావెల్ స్వరాలు ఎక్కడ ఎలా పడతాయో వేళ్ళతో తెలిసినవాడు. 1915 మార్చిలో చనిపోయాడు. క్లోద్ దెబుస్సీ కూడా రెండు పియానోల కోసం రాసిన ‘ఆన్ బ్లాన్ ఎ న్వార్’లో ఒక భాగాన్ని ఇతనికే అంకితమిచ్చాడు. దెబుస్సీ రాసిన దాంట్లో యుద్ధం వినిపిస్తుంది, దూరం నుంచి బాకాలు వినిపిస్తాయి. రావెల్ ప్రెల్యూడ్‌లో ఒక్క బాకా లేదు.

మరి కూపెరాన్ సంగతి? ఇక్కడి నుంచి తూర్పుకు, నగరసభ భవనం వెనక సాన్ జెర్వే చర్చి ఉంది. ఫ్రాన్స్వా కూపెరాన్ 1685 నుంచి 1733లో పోయేదాకా అక్కడ ఆర్గన్ వాయించాడు. నిరుడు మార్చి 23 నుంచి జర్మన్లు 120 కిలోమీటర్ల దూరం నుంచి పారిస్ మీదికి గుండ్లు విసిరే ఫిరంగి పేల్చడం మొదలుపెట్టారు. ఆకాశంలో విమానం కనపడదు, హెచ్చరిక ఉండదు, ఉన్నట్టుండి ఏదో వీధిలో గుండు పడుతుంది. ఆ రోజుల్లోనే, మార్చి 25న, దెబుస్సీ కన్నుమూశాడు. 29న గుడ్ ఫ్రైడే. సాన్ జెర్వేలో జనం ప్రార్థనలో ఉండగా గుండు వచ్చి పైకప్పు మీద పడింది. రాళ్ళ కింద చనిపోయినవాళ్ళు సుమారు 90 మంది. రావెల్ ఈ రచన ముగించింది అంతకు నాలుగైదు నెలల ముందే. కూపెరాన్ సమాధి అని పేరు పెట్టినప్పుడు ఆయన చర్చికే ఆ గతి పడుతుందని ఎవరూ అనుకోలేదు. ఇవాళ ఈ హాల్లో ఆ పేరు చదువుకుంటున్నవాళ్ళకు మాత్రం ఆ శుక్రవారం గుర్తురాక మానదు.

ప్రెల్యూడ్ చివర చేతులు పైకి పాకి, ఒక సన్నని కంపనం దగ్గర ఆగాయి. పెద్దాయన పేజీ తిప్పాడు.

రెండోది ఫ్యూగ్. ఒక గొంతు చిన్న పల్లవి ఎత్తుకుంటుంది. అది పూర్తికాగానే రెండో గొంతు అదే పల్లవిని వేరే స్థాయిలో అందుకుంటుంది, తర్వాత మూడోది. ఎవరూ ఎవరికీ పక్కవాద్యం కాదు. ముగ్గురూ సమానమే, ముగ్గురినీ పది వేళ్ళే మొయ్యాలి. పల్లవి తాళం దెబ్బ మీద కాకుండా పక్కన ఎత్తుకుంటుంది కాబట్టి వింటుంటే నేల ఎక్కడుందో తెలియదు. లాంగ్ చేతులు దాదాపు కదలడం లేదు. వేళ్ళ చివరలే కదులుతున్నాయి.

ఇది జాన్ క్రుప్పి జ్ఞాపకం. ఇతని తల్లి లూయీజ్ క్రుప్పి పట్టుబట్టి తిరిగితేనే రావెల్ హాస్య సంగీత నాటకం ‘లూర్ ఎస్పాన్యోల్’ 1911లో రంగస్థలానికి ఎక్కింది. ఆ నాటకాన్ని తల్లికి అంకితమిచ్చిన రావెల్, ఇప్పుడు కొడుకు పేరు ఫ్యూగ్ మీద రాయాల్సి వచ్చింది.

ఫ్యూగ్ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బాఖ్. బాఖ్ జర్మన్. జర్మన్ల చేతిలో పోయిన ఫ్రెంచివాడికి కట్టిన స్మారకంలో జర్మన్ల ఇంటి సొత్తు అనదగ్గ ప్రక్రియ ఏం చేస్తోంది? దీనికి జవాబు కావాలంటే కాసేపు ఈ కుర్చీ వదిలి మూడేళ్ళు వెనక్కి, 1916 వసంతానికి రావాలి.

వెర్దన్ వెళ్ళే దారి. ఫిబ్రవరి 21న మొదలైన పోరు డిసెంబరు దాకా సాగబోతోంది. ముట్టడిలో ఉన్న ఆ కోట పట్టణానికి బార్ ల ద్యూక్ నుంచి వెళ్ళే ఒకే ఒక్క రోడ్డు దిక్కు. మందుగుండు, మనుషులు చాలావరకు దాని మీదే పోవాలి. రాత్రీ పగలూ లారీల వరస తెగదు. ఏ బండి అయినా మొరాయిస్తే బాగుచేసే వరకు ఆగరు, పక్క కాలవలోకి తోసేస్తారు. లారీల వెనక మనుషులు బురదలో రాళ్ళు పోస్తూనే ఉంటారు. ఆ ప్రాంతంలోనే ఒక లారీ ఉంది, పేరు అదెలాయిద్. డ్రైవరు పొట్టిగా, బక్కగా, బొచ్చు తోలు కోటులో మునిగిపోయి ఉన్నాడు. సైనికుల్లో చాలామందికి తండ్రి వయసు. స్టీరింగు పట్టుకున్న ఈ చేతులే ‘గాస్పార్ ద లా న్వి’ అనే పియానో రచన రాశాయి. మిత్రులకు రాసే ఉత్తరాల్లో డ్రైవర్ రావెల్ అని సంతకం పెడుతున్నాడు. అదెలాయిద్ అన్నది ఆయన బాలే పేరే. లారీకి తగిలించాడు.

ఒక రోజు ఆయన బండి ఒక ఊళ్ళోకి వెళ్ళింది. ఎండ కాస్తోంది. ఇళ్ళున్నాయి, వీధులున్నాయి, మనిషి లేడు. ఆ నిశ్శబ్దం ఫిరంగుల కన్నా ఎక్కువ భయపెట్టిందని తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. ఇంతకన్నా ఘోరాలు చూస్తానేమో గానీ ఇలాంటి మూగభయం మళ్ళీ కలగదని ఆయన మాటల సారం. ఇంకోసారి ఖాళీ భవంతిలో మంచి ఎరార్ పియానో కనపడితే కూర్చుని షోపాన్ వాయించాడు. రాత్రంతా గుండ్లు పడ్డ చోట తెల్లవారుజామున ఒక చిన్న పిట్ట ఏమీ జరగనట్టు కూయడం విని, దాని మీద ఒక రచన చెయ్యాలనుకున్నాడు. అది రాయలేదు.

ఆ జూన్‌లోనే పారిస్ నుంచి ఆయనకొక కాగితం వచ్చింది. ఫ్రెంచి సంగీత రక్షణకు జాతీయ సమితి ఒకటి పుట్టిందని, కామీ సాన్ సాన్స్ లాంటి పెద్దలు ఉన్నారని, హక్కుల గడువు తీరని జర్మన్, ఆస్ట్రియన్ సంగీతాన్ని ఫ్రాన్స్‌లో వినపడనివ్వకూడదని, సంతకం చెయ్యమని. పారిస్‌లో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు పంపిన కాగితం అది. గుండ్ల కింద లారీ నడుపుతున్నవాడు సంతకం చెయ్యనన్నాడు. షోన్‌బర్గ్ ఆస్ట్రియా వాడైతే ఏమిటి, అతని సంగీతం విలువైనదేనని రాశాడు. శత్రుపక్షంలో ఉన్న హంగేరీ వాళ్ళు బార్టోక్, కొదాయ్‌లను పేర్లు పెట్టి మెచ్చుకున్నాడు. బయటి గాలి రాకుండా తలుపులు మూసుకుంటే ఫ్రెంచి సంగీతమే చివరికి మూస పోసుకుని చతికిలబడుతుందని హెచ్చరించాడు. దీనివల్ల తన రచనలే వాయించకుండా పోయే ప్రమాదం ఉన్నా రాశాడు.

ఫ్యూగ్ అక్కడ ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా. ఫ్రాన్స్ కోసం ప్రాణం పణంగా పెట్టడానికి రావెల్‌కు అభ్యంతరం లేదు. ఫ్రాన్స్ కోసం బాఖ్‌ను వదులుకోవడానికే అభ్యంతరం.

హాల్లోకి తిరిగి వచ్చేసరికి మూడోది మొదలైంది. ఫోర్లాన్. ఉత్తర ఇటలీ జానపదుల నాట్యం, తూగుతూ గెంతుతూ పోయే నడక. దీని పుట్టుక వెనక పెద్ద తమాషా ఉంది. 1914 జనవరిలో యూరప్ అంతా టాంగో పిచ్చిలో ఉంది. మతపెద్దలు అది అశ్లీలమని మండిపడ్డారు. టాంగో బదులు ఫోర్లానా ఆడుకోండని పోప్ పదవ పయస్ సలహా ఇచ్చారని పత్రికల్లో వచ్చింది. రావెల్‌కు నవ్వాగలేదు. కూపెరాన్ ‘కోన్సేర్ రోయో’లోని ఫోర్లాన్‌ను ముందేసుకుని ఎత్తి రాసుకున్నాడు. పోప్‌కు నచ్చే నాట్యం తయారవుతోందని, వాటికన్‌లో నాట్యగత్తెల చేత ఆడిస్తానని మిత్రుడికి రాశాడు. యుద్ధం రావడానికి కొద్ది నెలల ముందు మాట ఇది.

ఆ వెటకారం ఇంకా ఈ స్వరాల్లో ఉంది. నడక మర్యాదస్తుల సభలో అడుగులు వేసినట్టే ఉంటుంది, స్వరాలు మాత్రం ఒకదాన్నొకటి గిల్లుకుంటాయి. శ్రుతి చెడిందా అని ముందు వరసలో ఎవరో తల ఎత్తారు. చెడలేదు. రావెల్ రాసిందే అంత. అంకితం లెఫ్టినెంట్ గాబ్రియెల్ దెలూక్‌కు. బాస్క్ ప్రాంతపు చిత్రకారుడు, 1916లో చనిపోయాడు. నవ్వుకుంటూ మొదలుపెట్టిన నాట్యం మీద రెండేళ్ళు తిరిగేసరికి ఒక చావు పేరు రాయాలి. వేరే ఎవరైనా ఉంటే నాట్యాన్ని పక్కనపెట్టి కొత్తగా ఏదైనా విషాదం రాసేవారు. రావెల్ నాట్యాన్ని అలాగే ఉంచాడు, నవ్వుతో సహా.

నాలుగోది రిగోదాన్. రెండే రెండు ఆవృత్తాల పెద్ద కేక, ఆ వెంటనే నాట్యం. లాంగ్ భుజాలు మొదటిసారి కదిలాయి. వెనక వరసలో ఎవరిదో కాలు తాళం వేస్తోంది. నల్లబట్టల మధ్య ఆ కాలి చప్పుడు మీకు ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకంటే పేజీ నెత్తిన ఉన్నవి రెండు పేర్లు. పియెర్ గోదాన్, పాస్కల్ గోదాన్. అన్నదమ్ములు.

వీళ్ళు సాన్ జాన్ ద లూజ్ వాళ్ళు. అట్లాంటిక్ తీరాన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గర ఊరు. రేవుకు అవతలి ఒడ్డున సిబూర్‌లో రావెల్ పుట్టాడు. తల్లి బాస్క్ ఆవిడ. ఏటా వేసవికి అక్కడికే చేరేవాడు. గోదాన్ల కుటుంబంతో దగ్గరి స్నేహం. 1914 ఆగస్టు మొదట్లో ఆ ఊళ్ళో సమీకరణ గంటలు మోగినప్పుడు రావెల్ బల్ల మీద పియానో త్రయం సగంలో ఉంది. ఐదు నెలల పని ఐదు వారాల్లో ముగించానని మిత్రుడికి రాశాడు. ముగించి సైన్యంలో చేరాలని ఆత్రం. వెళితే తూకం వేసి, ఉండాల్సిన దానికన్నా రెండు కిలోలు తక్కువున్నావని వెనక్కి పంపేశారు. విమానదళంలో చేరతానన్నాడు, కుదరలేదు. చివరికి 1915 మార్చిలో లారీ డ్రైవరుగా తీసుకున్నారు.

ఈయన తూకం దగ్గర తంటాలు పడుతుండగానే గోదాన్ సోదరులు యుద్ధరంగానికి వెళ్ళారు. 1914 నవంబరులో, వెళ్ళిన మొదటి రోజునే, ఒకే గుండు ఇద్దరినీ చంపేసింది.

రిగోదాన్ నడుమ నాట్యం నెమ్మదించింది. ఎడమచెయ్యి తీగవాద్యం మీటినట్టు తేలిగ్గా పడుతోంది, పైన ఒక పల్లె పాట. ఇక్కడైనా ఏడుస్తాడేమో అనుకుంటారు. ఆ పాట కూడా ఎవరో పొలం గట్టు మీద తీరిగ్గా పాడుకున్నట్టే ఉంది. అది ఇంకా చెవిలో ఉండగానే, ముందుమాట లేకుండా, మొదటి కేక మళ్ళీ విరుచుకుపడింది. మీరు కుర్చీలో ఉలిక్కిపడ్డారు. నాట్యం పూర్తి జోరుతో తిరిగి వచ్చి, అదే కేకతో ముగిసింది. ఇద్దరు కుర్రాళ్ళ చావు మీద ఇంత హుషారా అని మీకు కోపం రావచ్చు. కానీ ఆ ఇద్దరి గురించి రావెల్‌కు తెలిసింది ఏమిటి? సముద్రపు ఊరు, వేసవి, తిరునాళ్ళు. యుద్ధంలో వాళ్ళు గడిపింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజును తీసి మిగతా జీవితం నెత్తిన పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు.

ఐదోది మినుయే, జాన్ ద్రెఫ్యూస్ జ్ఞాపకం. దీని దగ్గర కొంచెం నిలబడాలి. 1916 శరత్కాలంలో రావెల్ విరేచనాల జబ్బుతో ఆస్పత్రి పాలయ్యాడు. సెలవు మీద పారిస్ వచ్చాడు. 1917 జనవరి 5న తల్లి పోయింది. పెళ్ళి చేసుకోని మనిషి, ఆవిడను వదిలి ఉండలేనివాడు. వెర్దన్ చెయ్యలేనిది ఈ చావు చేసింది. ఆయన కుంగిపోయాడు, నిద్ర పట్టేది కాదు. ఆ ఏడాదే సైన్యం నుంచి విడిపించారు. నార్మండీలో లియాన్ లా ఫొరే అనే పల్లె, చుట్టూ అడవి. అక్కడ ద్రెఫ్యూస్ కుటుంబం వేసవి ఇల్లు ఉంది. యుద్ధరంగంలో ఉన్నప్పుడు ఉత్తరాలు రాస్తూ, పొట్లాలు పంపుతూ రావెల్‌ను కనిపెట్టుకున్నది ఆ ఇంటి ఇల్లాలే. మూడేళ్ళుగా పడి ఉన్న కాగితాలను అక్కడే ముందేసుకుని 1917 నవంబరుకల్లా ఆరు భాగాలూ పూర్తిచేశాడు. జాన్ ఆ ఇంటివాడే.

ఇప్పుడు వినండి. పైకి సాదా నాట్యం, మూడు దెబ్బల నడక, పసిపిల్లలు కూడా కూనిరాగం తియ్యగల పల్లవి. తర్వాత ముసెట్ అనే నడిమి భాగం వచ్చింది. చేతులు కిందికి దిగాయి. స్వరసమూహాలు గుత్తులు గుత్తులుగా, ఒకే ఎత్తులో, అడుగుతీసి అడుగు వేస్తూ కదులుతున్నాయి. మొదట అతి మెల్లగా. ఆవృత్తం ఆవృత్తానికి పెరిగి, పెరిగి, పియానో మొత్తం మోగే దాకా వెళ్ళింది. పావుగంటకు పైగా ఈ రచన దాచుకున్నది ఇదొక్కటే బయటపెట్టింది. మీ పక్కన పెద్దాయన పుస్తకం మూశాడు. ఆ మోత ఎంత పైకి వెళ్ళిందో అంత మెల్లగా దిగింది. దిగాక రావెల్ చేసిన పని చూడండి. మొదటి పల్లవి కుడిచేతిలో మళ్ళీ మొదలైంది, దాని కిందే ముసెట్ స్వరసమూహాలు నడుస్తున్నాయి. నాట్యమూ దుఃఖమూ ఒకేసారి, ఒకే నడకలో. ఒకటి రెండోదాన్ని ఆపలేదు.

ఇక ఆరోది. కెప్టెన్ జోసెఫ్ ద మార్లియావ్ జ్ఞాపకం. పెద్దాయన పుస్తకం మళ్ళీ తెరిచాడు గానీ దాన్ని చూడటం లేదు, వేదికనే చూస్తున్నాడు.

మార్లియావ్ సైనికాధికారే అయినా సంగీతం మీద పత్రికలకు రాసేవాడు. బేతోవెన్ చతుష్టయాల మీద పెద్ద పరిశోధన చేశాడు. లాంగ్‌ను 1906లో పెళ్ళాడాడు. 1914 ఆగస్టులో, యుద్ధం మొదలైన మూడో వారం దాటాక, తూర్పు సరిహద్దు దగ్గర పోయాడు. బేతోవెన్ పుస్తకం అప్పటికింకా అచ్చుకాలేదు. రావెల్ ఆయనకు కేటాయించింది తొక్కాటా. ఈ పుస్తకంలోకెల్లా కష్టమైన భాగం.

ఒకే స్వరం గబగబా మళ్ళీ మళ్ళీ మోగుతుంది. పియానో మీద అది అంత తేలిక కాదు. మెట్టు నొక్కితే లోపల సుత్తి తీగను కొట్టి వెనక్కి పడాలి, మెట్టు లేవాలి, అప్పుడే మళ్ళీ నొక్కగలరు. ఒకే వేలితో ఆ వేగం రాదు. అందుకని వేళ్ళు మారుస్తారు, ఒకే మెట్టు మీద ఒక వేలు దిగుతుంటే ముందున్న వేలు తప్పుకుంటుంది. ఆ సందుల్లో రెండో చెయ్యి దూరి తన స్వరం వేసి బయటికి వచ్చేస్తుంది. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు జంట రోకళ్ళు వేసినట్టు. ఒక్క పోటు అటూ ఇటూ అయితే రోకళ్ళు ఢీకొంటాయి. రావెల్ దీన్ని మొదలుపెట్టమన్నది కూడా అతి మెల్లగా. బలంగా కొట్టి తప్పును కప్పిపుచ్చే వీలు లేదు.

లాంగ్ ముఖం మీకు ఒక పక్క నుంచే కనిపిస్తోంది. అందులో వెతకడానికేమీ లేదు. ఈ వేగంలో కన్నీళ్ళకు చోటుండదు. ఒక్క క్షణం మనసు ఎటో పోయినా వేళ్ళు తడబడతాయి. నడుమ ఒకచోట వేగం కింద ఒక పాట లాంటిది తలెత్తింది, చేతులు విడిపోయి పైకీ కిందికీ సాగాయి. అదీ నిలబడలేదు, మళ్ళీ రోకటి పోట్లలో కలిసిపోయింది. భర్త పోయిన ఆడమనిషికి రావెల్ ఓదార్పు మాట చెప్పలేదు, చెయ్యడానికి పని ఇచ్చాడు. ఆమె విద్య మొత్తం అవసరమయ్యే పని. చివరి పేజీలో శ్రుతి దుఃఖపు మేళం వదిలి వెలుతురులోకి మారింది. రెండు చేతులూ పియానో ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళాయి. ఆఖరి స్వరసమూహం పిడుగులా పడి ఆగింది.

చప్పట్లలో కొందరు లేచి నిలబడ్డారు. పిన్నీసు పెట్టిన కోటు కుర్రవాడు ఉన్న ఒక్క చేత్తో తొడ మీద చరుస్తున్నాడు. మెట్లు దిగుతున్నప్పుడు మీ వెనక ఎవరో గొణుగుతున్నారు, చనిపోయినవాళ్ళకు ఈ గంతులేమిటని. ఈ మాట రావెల్ చెవిన కూడా పడింది. చనిపోయినవాళ్ళు ఎలాగూ ఎప్పటికీ మౌనంలోనే ఉంటారు, ఆ విచారం వాళ్ళకు చాలదా అన్నట్టుగా జవాబిచ్చాడని చెబుతారు.

తర్వాత జరిగింది ఆ గొణుగుడుకు మరో జవాబు. రావెల్ ఇందులో నాలుగు భాగాలను ఆర్కెస్ట్రాకు తిరగరాశాడు, 1920 ఫిబ్రవరిలో వినిపించారు. ఆ నవంబరులోనే స్వీడిష్ బాలే బృందం వాటిలో మూడింటికి పారిస్ రంగస్థలం మీద నాట్యం చేసింది. గోదాన్ సోదరుల రిగోదాన్ నిజంగానే కాళ్ళతో ఆడే నాట్యమైంది. మార్లియావ్ బేతోవెన్ పుస్తకం 1925లో గాబ్రియెల్ ఫోరే ముందుమాటతో వచ్చింది.

ఇంకో కొన్నేళ్ళకు ఆస్ట్రియా నుంచి ఒక పియానో విద్వాంసుడు రావెల్‌ను సంప్రదించాడు. పౌల్ విట్గెన్‌స్టైన్. 1914లో శత్రుసైన్యంలో పోరాడుతూ రష్యా సరిహద్దున కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు. ఎడమచేతికి ఒక కన్చెర్తో, అంటే వాద్యబృందంతో కలిసి వాయించే రచన, కావాలన్నాడు. 1916లో ఆ కాగితం మీద సంతకం పెట్టని మనిషి దీనికి వెంటనే ఒప్పుకున్నాడు. ఆ కన్చెర్తోను విట్గెన్‌స్టైన్ 1932 జనవరి 5న వియన్నాలో వాయించాడు. తొమ్మిది రోజుల తర్వాత, జనవరి 14న పారిస్‌లో, రావెల్ తానే వాద్యబృందాన్ని నడిపించగా, రెండో కన్చెర్తోను తొలిసారి వాయించింది మార్గరీత్ లాంగ్. అది ఆమెకే అంకితం. యుద్ధం ఒకరి చేతిని, ఒకరి భర్తను తీసుకుంది. చెరో పక్షం నుంచి. రావెల్ ఆ ఇద్దరికోసం ఒకే కాలంలో, ఒకే బల్ల మీద రాశాడు.